కడుపుతో ఉన్న పిల్లకు పెద్ద చేప

ప్రవళిక కోదాడ కోడలై మూడు నెలలు కావస్తోంది. ఆమె అత్తగారు సారమ్మ ఊళ్ళో పేరున్న చేపలమ్మ. నడిగూడెం పక్కనున్న మొగిలిచెరువు నుంచి కొరమీనులు తెచ్చి, ప్రాణంతో ఉన్నవే అమ్ముతుంది. ఆ చెరువు గట్టున నీటికాకులు ఒక్కొక్కటే చచ్చి పడుతుంటే, జువాలజీ చదివిన ప్రవళికకు అనుమానం వచ్చి చేపముక్కలు హైదరాబాదు ల్యాబుకు పంపిందని, పాదరసం పరిమితి లోపే ఉందని జవాబు రాగానే సంబరపడి వాడకట్టంతా మిఠాయి పంచిందని పాఠకులు మరిచిపోయి ఉండరు. కానీ పోయిన వారం ఆమె స్వయంగా ఒక పెద్ద కొరమీను పొట్ట కోస్తే లోపల నాలుగు చిన్న చేపలు బయటపడ్డాయి. కత్తి పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. తాను టెస్టుకు పంపినవన్నీ చిన్న చేపలే! వాటిని తిని బతికే ఈ పెద్దదాని సంగతేమిటి? ఆ కొరమీను ముక్క ఒకటి ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి, మంచుగడ్డలు నింపి, భర్త జోసెఫ్‌కు తప్ప ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పంపించింది. ఇంట్లో ఆడబిడ్డ సంతోషి ఏడో నెల కడుపుతో కాన్పుకు వచ్చి ఉంది. రోజు విడిచి రోజు ఆమెకు కొరమీను పులుసే.

* * *

పెళ్ళైన కొత్తలో బంధువులంతా వరసగా జంటను భోజనానికి పిలుస్తారు. ఈ ఆదివారం మిర్యాలగూడలో జోసెఫ్ పెద్దమ్మ వంతు. చర్చిలో ప్రార్థన అయిపోగానే ఇద్దరూ స్కూటరెక్కారు. కోదాడ దాటకముందే ప్రవళిక ఒక సంగతి కనిపెట్టింది. కుడివైపు అద్దాన్ని జోసెఫ్ రోడ్డు వైపు కాకుండా వెనక కూర్చున్న ఆమె ముఖం కనపడేలా తిప్పి పెట్టుకున్నాడు.

"బావా, అద్దంల లారీలు కనపడాలె, నేను కాదు."

"లారీలైతే హారన్ కొడ్తయి. నువ్వు కొట్టవు గదా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. 'ఏమండీ' అని పిలవాలా, 'బావా' అని పిలవాలా అని పెళ్ళైన మొదటి వారమంతా ఇద్దరూ వాదించుకున్నారు. బావ గెలిచాడు. అప్పటి నుంచి అవసరం ఉన్నా లేకున్నా ఆ మాట ఏదో ఒక వంకతో అనెయ్యడం ప్రవళికకు సరదా అయిపోయింది. కాలేజీలో పాఠం చెప్పడానికి రోజూ సూర్యాపేట బస్సెక్కేటప్పుడు కిటికీలోంచి ఒకసారి, దిగాక ఫోన్లో ఒకసారి.

పెద్దమ్మ బగారన్నం, మటన్ కూర, గోంగూర, పెరుగు, చివరికి డబల్ కా మీఠా కూడా వడ్డించింది. "తిను బిడ్డా, మా సారమ్మ ఇంట్ల చేపలు తప్ప నీకేం దొరకయి" అని రెండోసారి, మూడోసారి వేసింది. "జోసెఫ్ గాడు ఇంకా గురక పెడ్తుండా?" అని అందరి ముందే అడిగింది. జోసెఫ్ తల కంచంలో పెట్టేశాడు. ప్రవళిక మాత్రం "నాకెట్ల తెలుస్తది పెద్దమ్మా, పడుకోగానే నేను మొద్దునిద్ర" అని భర్త పరువు కాపాడింది. అందుకు బదులుగా దారిలో చెరుకురసం తాగించాలని ఒప్పందం.

ఆ చెరుకురసం బండి నేరేడుచర్ల దగ్గర దొరికింది. రసం తీసే చక్రానికి కట్టిన గజ్జెలు గలగలమంటుంటే, అల్లం, నిమ్మకాయ కలిసిన వాసనకు ప్రవళిక ప్రాణం లేచొచ్చింది. జోసెఫ్ తన గ్లాసులోంచి సగం ఆమె గ్లాసులోకి ఒంపాడు. ఇంత చిన్న పనికే ఇంత సంతోషమేమిటని ఆమె తనను తానే వెక్కిరించుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. ఆమెకు ఎమ్మెస్సీలో పాఠం చెప్పిన మేడం.

"ప్రవళికా, ఎక్కడున్నవ్? కూర్చొని మాట్లాడు."

ఆమె స్కూటర్ సీటు మీద కూర్చుంది.

"నిన్న సాయంత్రమే రిపోర్టు వచ్చిందట, నేను ఇప్పుడు చూసిన. నువ్వు పంపిన కొరమీను ముక్కలో పాదరసం పరిమితికి మూడింతలుంది. తప్పు లెక్క అయి ఉంటదని ల్యాబోళ్ళు రెండోసారి కూడా చేసిన్రట. అంతే వచ్చింది."

చక్రం తిరుగుతూనే ఉంది. గజ్జెలు మోగుతూనే ఉన్నాయి.

"మేడం, చిన్న చేపల్లో ఏం లేదు కదా?"

"ఏం లేదని కాదు, తక్కువుంది. చెరువు అడుగున బురదలో పాదరసం చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని చేపల ఒంట్లో ఇంకే రూపంలోకి మారుస్తయి. పురుగుల్లోకి పోతది, పురుగుల్ని తిన్న చిన్న చేపల్లోకి పోతది. కొరమీను అట్లాంటి చేపల్ని వందలకొద్దీ తింటది. తిన్నదాంట్లో పాదరసం చాలావరకు దాని కండలోనే ఆగిపోతది. నీకు నేను పాఠంలో చెప్పిందే, ప్రవళికా."

"చెప్పిన్రు మేడం. పరీక్షల రాసిన కూడ."

"ఆ చెరువు కొరమీను కడుపుతో ఉన్నోళ్ళు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు అసలు ముట్టొద్దు. బిడ్డ మెదడు తయారయ్యే సమయం అది. పాదరసం ఎక్కడి నుంచి చేరిందో తర్వాత వెతుకుదాం. ముందు తినడం ఆపించు."

ఫోన్ పెట్టేశాక ప్రవళిక చేతిలోని గ్లాసు జోసెఫ్‌కు ఇచ్చేసింది. ఒక్క గుక్క కూడా తాగలేదు.

"ఏమైంది? మొఖం గట్ల అయింది?"

చెప్పింది. జోసెఫ్ కొంచెం సేపు రోడ్డు మీద పోయే ధాన్యం లారీలను చూశాడు. తరువాత కుడివైపు అద్దాన్ని రోడ్డు వైపు తిప్పి సరిచేశాడు.

"అమ్మ ఒప్పుకోదు. ఆ చేప మీద అమ్మకు దేవుని తర్వాత అంత నమ్మకం. ఇంటికి పోంగనే చెప్పకు, నేను మెల్లగ రాత్రికి…"

"రాత్రికి సంతోషి ఇంకో గిన్నె తాగుతది. పోదాం పా బావా."

హుజూర్‌నగర్ దాటేదాకా ఆమె అత్తగారితో ఏ మాట ముందు అనాలో, ఏ మాట వెనక అనాలో మనసులో వరస పెట్టుకుంది. పెళ్ళిచూపుల్లో కూడా ఆమె ఇట్లా మాటలు కూడబలుక్కోలేదు. సారమ్మ అంటే ఆమెకు ఇష్టం. పెళ్ళైన మర్నాడే "పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్ళు చాయ్ పెట్టాలె, కోడలని నీకు వేరే రూలు లేదు" అన్న అత్తగారు ఎంతమందికి దొరుకుతుంది? ఆమెను బాధపెట్టకుండా ఈ సంగతి చెప్పే దారి ఏదైనా ఉందా అని వెతికింది. అట్లాంటి దారి లేదని కోదాడ బైపాసు దగ్గర తేలిపోయింది. సరే, బాధపెట్టైనా చెప్పాల్సిందే.

* * *

వాకిట్లో సిమెంటు తొట్టి మీద వల కప్పి, వల మీద రాయి పెట్టి ఉంది. కొరమీను ఎగిరి బయటపడుతుందని ఎప్పుడూ అట్లాగే పెడతారు. తొట్టి పక్కన సారమ్మ పీట వేసుకుని కూర్చుంది. ముందు కత్తిపీట, చేప జిగురు తియ్యడానికి పళ్ళెంలో బూడిద. కొంచెం అవతల కుర్చీలో కాళ్ళు చాపుకుని సంతోషి పచ్చిమామిడి ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుని తింటోంది.

"వచ్చిన్రా? పెద్దమ్మ ఏం పెట్టింది? చీర పెట్టిందా, లేకపోతే మాటలే పెట్టిందా?" సారమ్మ వల తొలగించింది. "ఇటు రా బిడ్డా, ఈ కొరమీను సూడు. శంకరయ్య పొద్దుగాల పంపిండు. ఈ ఏడాది ఇంత పెద్దది పడలే. ఎవరో హైదరాబాదోళ్ళు కారేసుకొని వచ్చి, అడిగినంత ఇస్తం అన్నరు. ఇయ్యను పొమ్మన్న. పెద్ద చేప కడుపుతో ఉన్న పిల్లకే పోతది, ఇన్నేండ్ల సంది అదే నా పద్ధతి."

తొట్టిలో నల్లగా నిగనిగలాడుతూ ఆ చేప ఒక్కసారి తోకతో నీళ్ళు చరిచింది. సారమ్మ దాన్ని రెండు చేతులా ఒడిసిపట్టి పైకి లేపింది. మోచేతి నుంచి వేళ్ళ చివరిదాకా ఉంది.

ప్రవళిక పెద్దమ్మ ఇచ్చిన చీర సంచి అరుగు మీద పెట్టి, వచ్చి కత్తిపీటను పక్కకు జరిపింది.

"అత్తమ్మా, దాన్ని కొయ్యొద్దు."

"ఎందుకు? రేపు ఎవరన్న చుట్టాలొస్తున్నరా?"

"దాంట్ల పాదరసం ఉంది. మొన్న నేను కోసిన కొరమీను ముక్క టెస్టుకు పంపిన. ఇప్పుడే మేడం ఫోన్ చేసింది. మూడింతలున్నదంట. సంతోషి ఇగ ఆ చెరువు కొరమీను ముట్టొద్దు."

సారమ్మ చేప పట్టుకునే ఉంది. అది గింజుకుంటోంది.

"ఏ నోటితోని అంటున్నవ్? మిఠాయి పంచిన నోరేనా ఇది?"

"అవును. అదే నోరు."

"రిపోర్టు మంచిగొచ్చిందని ఇంటింటికి తిరిగింది ఎవరు? నేనా, నువ్వా?" సారమ్మ గొంతు పెరిగింది. "నీ మాట నమ్మి నేనేం చేసిన? మా కోడలు చదువుకున్నది, టెస్టు చేయించింది, నిమ్మళంగ తినున్రి అని కనపడ్డోళ్ళందరికి చెప్పిన. బంకు వెనకింటామె కోడలికి పంపిన. పంతులు బిడ్డకు పంపిన. తండా నుంచి జమ్లీ వచ్చి, నీ కోడలు చెప్పిందంట గదా అక్కా, మా పిల్లకు కూడ ఇయ్యి అంటే, ఇంకొకరికి పక్కకు పెట్టింది తీసి ఆమెకిచ్చిన. ఇప్పుడు నేను వాళ్ళందరికి విషం పంపిన్నా?"

"అమ్మా, జర మెల్లగ…" అన్నాడు జోసెఫ్.

"నువ్వు నోర్ముయ్. పెళ్ళాం చాటుగ చేపముక్క టెస్టుకు పంపుతుంటె నీకు తెల్వదా? తెలిసే ఉంటది. నాకు చెప్పినవా?"

జోసెఫ్ స్కూటర్ స్టాండ్ వేసి ఉన్నదో లేదో చూడ్డానికి వెళ్ళాడు. వేసే ఉంది.

ప్రవళిక అత్తగారి ఎదురుగా నేల మీదే కూర్చుంది. కట్టుకున్న కొత్త చీరకు చేపనీళ్ళు అంటుకుంటున్నాయి. పట్టించుకోలేదు.

"తప్పు నాదే అత్తమ్మా. చిన్నయి పంపి, అన్నీ మంచియే అని నేనే చెప్పిన. కానీ ఒక్కటి గుర్తు చేస్కోండి. నేను టెస్టుకు పెద్ద కొరమీను ఒక్కటి అడిగిన. మీరేమన్నరు?"

సారమ్మ గింజుకుంటున్న చేప మీద పట్టు బిగించింది.

"ముక్కలు కోసి పారేసే దానికి పెద్ద చేప ఎవరిస్తరు, అది కడుపుతో ఉన్న పిల్లకు పోయేది అన్నరు. బొచ్చె పిల్లలు, పరకలు ఒక సంచి నిండ ఇచ్చిన్రు. నేను అవే పంపిన. ఎవరికి మంచిదని దాచినమో వాళ్ళ చేపనే టెస్టుకు పోలేదు."

సంతోషి కొరకబోతున్న మామిడి ముక్కను పక్కన పెట్టేసింది.

"ఉప్పు, పసుపు ఏసి మూడు నీళ్ళు కడుగుత," అంది సారమ్మ. గొంతులో ఇదివరకటి వేడి లేదు. "బూడిదతోని రుద్దుత. బండకేసి తోముత. జిగురు సుక్క మిగలదు."

"జిగురుల ఉంటే పోయేది. కండల ఉంది. కడిగినా పోదు, ఉడికినా పోదు."

"ఇన్నేండ్ల సంది తింటున్నం. ఎవరికేమైంది?"

"ముందు నుంచీ ఉందో, ఈ మధ్యనే చేరిందో తెల్వది అత్తమ్మా. నీటికాకులు చచ్చుడు మాత్రం ఈ ఏడే మొదలైంది. మీరే అన్నరు, ఇట్లెప్పుడు సూడలేదని. అవి కూడ చేపలు తినే బతుకుతయి."

సారమ్మ చేతిలోని చేప వైపు చూసింది. బొచ్చె, రవ్వు పిల్లలను సొసైటీ వాళ్ళు ఏటేటా వానకాలంలో చెరువులో వదులుతారు, ఎండాకాలం వచ్చేసరికి పట్టేస్తారు. కొరమీను అట్లా కాదు. బురదలో దూరి వలలు తప్పించుకుని ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఇది ఎవరూ ఆమెకు చెప్పనక్కరలేదు. చేప ఎంత పెద్దదైతే అన్నేళ్ళు ఆ చెరువులో తిన్నదన్నమాట. ఇన్నాళ్ళూ ఆ పెద్దతనం చూసే ఆమె మురిసిపోయింది.

"అమ్మా," అంది సంతోషి ఉన్నట్టుండి. "ఒకటి చెప్పాలె. కొట్టొద్దు."

"ఏంది?"

"నేను ఆ పులుసు సగమే తాగుతున్న. మొదటి నుంచీ. నాకు ఆ వాసన పడుతలేదు."

"మరి గిన్నె ఖాళీ అయితుంది?"

సంతోషి అన్న వైపు చూసింది. స్కూటర్ దగ్గర జోసెఫ్ ఇంకా స్టాండ్ పరిశీలిస్తున్నాడు.

"అన్న తాగుతుండు."

"నువ్వే అడిగినవ్ గదా, అమ్మ తిడ్తది, నువ్వు తాగు అన్నా అని!" జోసెఫ్ గట్టిగా అరిచాడు.

ప్రవళికకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. సారమ్మకు మాత్రం రెండూ రాలేదు. ఆమె చేపను తొట్టిలోకి వదిలేసింది. వల కప్పింది. రాయి ఎత్తి వల మీద పెట్టింది. తడిచేతులు చీరకు తుడుచుకుని కూతురి దగ్గరికి పోయి, ఆమె పొట్ట మీద చెయ్యి వేసి, కోడలిని అడిగింది.

"తిన్నది ఏమైతది?"

ఆ ప్రశ్న ముందు ప్రవళిక వరస పెట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఏం కాదు అనెయ్యవచ్చు. అంటే అందరూ ఈ రాత్రికి హాయిగా నిద్రపోతారు. ఒకసారి అట్లా అనే ఇంతదూరం తెచ్చుకుంది.

"తెల్వది అత్తమ్మా. ఆపేస్తే ఒంట్లోంచి మెల్లమెల్లగ పోతది, కొన్ని నెలలు పడ్తది. సంతోషి సగమే తాగింది కాబట్టి తక్కువే ఉండొచ్చు. రేపు సూర్యాపేట దవాఖానకు తీస్కపోదాం, డాక్టరుకు రిపోర్టు సూపిద్దాం, రక్తం టెస్టు చేయిద్దాం. చేపలు మొత్తం మానెయ్యమంటలేను. చిన్న చేపల రిపోర్టు నిజమే. కొరమీనే వద్దు."

"నువ్వు ఈసారి మంచిగ సూసి చెప్తున్నవా?"

"రెండుసార్లు చేయించిన్రు. తెల్వనిది తెల్వదనే చెప్తున్న."

సారమ్మ తల ఊపింది. కొంగు నడుముకు బిగించి దోపుకుంది. బేరం తెగిన తరువాత చేసే పనే అది. ప్రవళిక ఈ మూడు నెలల్లో చాలాసార్లు చూసింది.

"అయితె ఇను. రేపు పొద్దుగాల మొగిలిచెరువుల చేపలు పట్టుడు. నీళ్ళు అడుగంటినయి. ఏడాదంత దొరకని పెద్ద కొరమీనులన్ని రేపే బయటపడ్తయి. నేను ఒక్కదాన్ని కొనకుంటె ఏమైతది? ఇంకొకరు కొంటరు. నేను నేర్పిన పద్ధతే గదా, మంచియి ఏరి కడుపుతో ఉన్నోళ్ళ ఇండ్లకు పంపుతరు. ఈ ఇంట్ల ఆపితే సరిపోదు బిడ్డా. రేపు చెరువు కట్ట మీదనే ఆపాలె."

* * *

ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చేసరికి గేటు ముందు మోటారు సైకిల్ ఆగింది. మొగిలిచెరువు మత్స్యకారుల సొసైటీ అధ్యక్షుడు శంకరయ్య. భుజం మీద తువ్వాల, ముఖం నిండా నవ్వు.

"సారమ్మక్కా, ఎట్లుంది నేను పంపిన చేప? రేపు తెల్లారకముందే రా. నీకు నాలుగు తొట్లు పక్కకు పెట్టిస్త. ఆ, కొత్త పెళ్ళికూతురు కూడ ఈడనే ఉంది! ఏం బిడ్డా, మీ ల్యాబోళ్ళు మా చేపలకు ఫస్ట్ క్లాస్ ఇచ్చిన్రంట గదా!"

"కూసో తమ్మి," అంది సారమ్మ. కుర్చీ వెయ్యమని ఎవరికీ చెప్పలేదు. తన పీటే అతని వైపు తోసింది. "రేపు నాకు కొరమీను ఒద్దు. ఎవరికీ అమ్మొద్దు."

శంకరయ్య నవ్వుతూనే కూర్చున్నాడు. ప్రవళిక చెబుతుంటే ఆ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. మేడం మాటలు, చిన్న చేపలు, పెద్ద చేప, అన్నీ చెప్పింది. బొచ్చెలూ రవ్వులూ అమ్ముకోవచ్చని, వాటితో భయం లేదని రెండుసార్లు చెప్పింది.

"రేపు నూటయాభై కుటుంబాలు చెరువుల దిగుతయి," అన్నాడతను చివరికి. "కొరమీను మీదనే వాళ్ళ ఆశంత. పాదరసమున్నదని నువ్వు కట్ట మీద నిలబడి ఒక్క మాటంటే కొరమీను కాదు, పరక కూడ ఎవడు కొనడు. రవ్వు మంచిది, కొరమీను చెడ్డదని ఎవడు ఇంటడు బిడ్డా? చెరువు పేరే ఖరాబైతది. ఇది నడిగూడెం నుంచి ఆత్మకూరు దాక పాకుతది."

"చెప్పకుంటె తింటరు మామా."

"అక్కా, నీ కోడలికి జర చెప్పు. రేపు గిట్ల ఈ పిల్ల కట్టెక్కితే, మా సొసైటీ కాదు, ఏ సొసైటీ కూడ నీకు చేప ఇయ్యదు. నీ తొట్లు ఎండిపోతయి. నేను బెదిరిస్తలేను, జరిగేది చెప్తున్న."

జోసెఫ్ వచ్చి ప్రవళిక పక్కన నిలబడ్డాడు. ఈసారి స్టాండ్ చూడ్డానికి పోలేదు.

"ఆ పిల్ల కట్టెక్కదు," అంది సారమ్మ.

ప్రవళిక చటుక్కున తలెత్తింది. శంకరయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆ పిల్ల నిన్న మొన్న వచ్చింది, ఆమె మాట ఎవరింటరు? నేనెక్కుత. చేప మంచిదని చెప్పింది నేను, ఇండ్లకు పంపింది నేను. ఒద్దని కూడ నేనే చెప్తా. తొట్లు ఎండితే ఎండనీ, కూరగాయలు పెట్టుకుంట. ఆమె నా పక్కన నిలబడి, ఎవరన్న ఎందుకని అడిగితె జవాబు చెప్తది. నువ్వు కూడ మా పక్కన నిలబడితె మంచిది తమ్మి. నీ మాట ఇంటరు. కొరమీను నష్టం సంగతి సర్కారును అడగొచ్చు. ఎట్ల అడగాల్నో మా కోడలు రాసిస్తది."

శంకరయ్య లేచాడు. గేటు దాకా నడిచాడు. మోటారు సైకిల్ మీద చెయ్యి వేసి, ఎక్కకుండా అట్లాగే నిలబడిపోయాడు. అతను వెళ్ళిపోయే మనిషిలా లేడని ప్రవళికకు అనిపించింది. అతను మళ్ళీ వెనక్కి తిరిగినప్పుడు అధ్యక్షుడి గొంతు లేదు.

"బిడ్డా, అది ఒంట్ల చేరితే ఎట్ల తెలుస్తది?"

"ఒక్కొక్కరికి ఒక్కోలాగ ఉంటది మామా. చేతులు, పెదవులు తిమ్మిరెక్కొచ్చు. నడక తూలొచ్చు. ఇవి వేరే కారణాలతోని కూడ రావొచ్చు, డాక్టరే చెప్పాలె. ఎందుకు?"

అతను భుజం మీది తువ్వాల తీసి చేతికి చుట్టుకున్నాడు.

"మా నీలాకు… మా కోడలికి ఎనిమిదో నెల. రెండు వారాల సంది చేతిల గ్లాసు నిలుస్తలేదు. పట్టుకున్నది పట్టుకున్నట్టే జారిపోతుంది. వేళ్ళకు సూదులు గుచ్చినట్టున్నదంటది. రక్తం తక్కువైందేమో, బలం లేదేమో అనుకున్నం."

"అనుకొని?" అంది సారమ్మ.

"వారానికి రెండుసార్లు ఇంటికి కొరమీను పంపేటోన్ని." శంకరయ్య తల వంచుకున్నాడు. "ఇప్పుడు రోజూ పంపిస్తున్న అక్కా. పడినదాంట్ల పెద్దది ఏరి."

ప్రవళిక జోసెఫ్ చొక్కా జేబులోంచి స్కూటర్ తాళంచెవి లాక్కుంది.

"ఇల్లెక్కడ మామా? ముందు ఫోన్ చెయ్యి. పొయ్యి మీద ఏమున్నదో అడుగు."

శంకరయ్య ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎవరో ఎత్తారు. ఇతను "నీలా ఏది?" అన్నాడు. అవతలి మాట వింటూ వింటూ గేటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.